చేగోడీల కంపెనీ వార్షిక నివేదిక

భావి పారిశ్రామికవేత్తల తయారీలో మా వీధి చివరి బడి పిల్లల చేత ఒక రోజు సంత పెట్టించి తన వంతు కర్తవ్యం నెరవేర్చింది. ఆ తయారీకి పెట్టుబడి పెట్టినవాడిగా, అంటే ఎనిమిదో తరగతి పిల్లవాడి తండ్రిగా, ఈ సంగతి సగర్వంగా ప్రకటిస్తున్నాను.

పిల్లలు నిజంగా సరుకు తయారుచేసి అమ్మితేనే వ్యాపారం ఒంటబడుతుందన్న ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికాలో 1919లో పుట్టిన జూనియర్ అచీవ్‌మెంట్ అనే సంస్థ ఆ దారిలోనే నడిచింది. మన దగ్గర 2021లో ఢిల్లీ ప్రభుత్వం 'బిజినెస్ బ్లాస్టర్స్' పేరుతో సర్కారు బడుల్లో 11, 12 తరగతుల వాళ్లకు తలా 2,000 రూపాయల చొప్పున మూలధనం ఇచ్చింది. ఎదురు డబ్బిస్తే వ్యాపారం ఎవరైనా చేస్తారు. మా బడి మరికాస్త లోతుగా ఆలోచించి పిల్లల దగ్గరే తీసుకుంది. స్టాలుకు అద్దె 500. అమ్మకాల్లో బడి వాటా నూటికి 20. నగదు చెల్లదు, కూపన్లే. మిగిలిన కూపన్లు వాపసు తీసుకోబడవు.

మావాడు చేగోడీల కంపెనీ పెట్టాడు. సీఈవో వాడే. ఉత్పత్తి విభాగం మా అమ్మ. ఎసట్లో ఉడికిన బియ్యప్పిండిలో నానిన పెసరపప్పు, నువ్వులు, కాస్త వెన్న కలిపి మర్దించి, పీట మీద తాడులా పేని, చూపుడు వేలికి చుట్టి కొసలు నొక్కడం... తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెట్టి ఆవిడ ఈ పనిలో ఉండగా, సీఈవో నిద్ర లేచి, చేగోడీ గుండ్రంగా ఉంటుంది కాబట్టి లోగో కూడా గుండ్రంగానే ఉండాలన్న కీలక నిర్ణయం తీసుకున్నాడు. నడుం నొప్పిని ఏ పద్దు కింద రాయాలో కంపెనీ ఇంకా తేల్చలేదు.

సంత రోజు పొద్దున్నే గేటు ముందున్న పునుగుల బండిని పక్క సందులోకి జరపమన్నారు. చిన్నారుల వ్యాపారం దెబ్బతింటుందట. పోటీని తట్టుకోవడం ఎలాగో చెప్పే పాఠం పుస్తకంలో ఉంది. పోటీదారుణ్ణి గేటు దగ్గర నుంచి లేపేయించడం ఎలాగో ఆ రోజు ప్రత్యక్షంగా చూపించారు. మధ్యాహ్నానికి తల్లిదండ్రుల్లో సగం మంది పక్క సందులోనే ఉన్నారు. నేనూ ఉన్నాను. బండివాడు కూపన్లు అడగలేదు, అల్లం పచ్చడి మాత్రం రెండోసారి కూడా వేశాడు.

అమ్మకాలు బ్రహ్మాండం. 64 పొట్లాలు, పొట్లం 20 రూపాయలు. కొన్నవాళ్ల జాబితా చూస్తే మేనమామ 12, పిన్ని 10, నేనూ మా ఆవిడా కలిసి 30, మిగిలినవి పక్క స్టాళ్ల పిల్లల తల్లులు. బదులుగా మేము వాళ్ల కొవ్వొత్తులు కొన్నాం. మా నూనెతో మా అమ్మ వండిన చేగోడీలను మా కూపన్లతో మేమే కొని, ఆటోలో మా ఇంటికే తెచ్చుకున్నాం.

మొదటి బహుమతి మాత్రం వేరే జట్టుకు వెళ్లింది. వాళ్లు ఏమీ తయారుచేయలేదు, ఏమీ అమ్మలేదు. రాబోయే ఐదేళ్లలో కోట్లకు ఎదుగుతామని తెర మీద పైకి పోయే గీత ఒకటి చూపించారు. న్యాయనిర్ణేతలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

రాత్రి లెక్కలు చూశాం. వచ్చింది 1,280. బడి వాటా 256, అద్దె 500 పోగా 524. సరుకులకు నేను పెట్టిన 910 సంగతేమిటిరా అంటే, "అది ఇంటి ఖర్చు నాన్నా" అన్నాడు సీఈవో. ఉత్పత్తి విభాగం తన కూలి ఎంతని అడిగింది. "నీకు కంపెనీలో వాటా ఇస్తాను నానమ్మా" అన్నాడు. ఆవిడ వాటా సంగతి వదిలేసి, పొద్దున పట్టుకెళ్లిన స్టీలు డబ్బా ఎక్కడుందని అడిగింది. అది బడిలోనే ఉండిపోయింది.

నా జేబులో వాడని కూపన్లు ఏడు మిగిలాయి. మావాడు వాటిని తీసుకుని దీపం వెలుగులో అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు. వచ్చే ఏడాది చేగోడీలు చేయడట. కాగితం, అచ్చు ఖర్చు ఎంతవుతుందో కనుక్కోమన్నాడు.