రెండు సెకన్ల సంతకం

మా బాబాయి ఈ మధ్య పొలం బేరం మాట్లాడేటప్పుడు సెల్‌ఫోన్‌ని బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగిస్తున్నాడు. "ఏందబ్బయా అట్టా చూస్తావు, పైనుంచి వింటుంటారంట" అంటాడు. 62 సెంట్ల మెట్ట నేల మీద ఢిల్లీకి అంత మోజు ఉంటుందని నేననుకోను. కానీ ఆయన్ని చూసి నవ్వేముందు, సర్కారు వారి పనితనాన్ని మనం తగినంత పొగడలేదని ఒప్పుకోవాలి.

ఉగ్రవాదుల ఫోన్లు వినాల్సిందే, పేచీ లేదు. 2008లో ముంబై దాడి జరుగుతుండగానే, వాళ్లు పాకిస్థాన్‌లోని పెద్దలతో మాట్లాడిన మాటల్ని పోలీసులు పట్టుకున్నారు. అయితే ఎవరి ఫోన్ పడితే వాళ్ల ఫోన్ వినకూడదని 1996లో సుప్రీంకోర్టు షరతులు పెట్టింది. హోం కార్యదర్శి ఆదేశం కావాలి. ఆ ఆదేశం సబబేనా అని చూడ్డానికి సమీక్షా సంఘం ఉంది. కేంద్రంలో అందులో ముగ్గురు: కేబినెట్ కార్యదర్శి, న్యాయ శాఖ కార్యదర్శి, టెలికాం కార్యదర్శి. జడ్జి లేడు. వండినవాళ్లే వడ్డించుకుని, చేపల పులుసు అదిరిందని వాళ్లే మూతి తుడుచుకునే ఏర్పాటన్నమాట.

ఈ ముగ్గురూ రెండు నెలలకోసారి కూర్చుంటారు. ఒక్కో సమావేశంలో 15,000 నుంచి 18,000 ఆదేశాలు చూడాల్సి వస్తోందని జనం సొంత సమాచారాన్ని ఎలా కాపాడాలో చెప్పమని కేంద్రం వేసిన జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018లో రాసింది. టీకి కూడా లేవకుండా ఎనిమిది గంటలు కూర్చున్నారనుకుందాం. ఒక్కో కాగితానికి రెండు సెకన్లు కూడా రావు. కళ్లద్దాలు సరిచేసుకుంటే నలుగురి ఫోన్లు దాటిపోతాయి.

ఇక మా వైపు చూడండి. తాత పోయాక ఆ 62 సెంట్లు బాబాయి పేరుకు ఎక్కడానికి 14 నెలలు పట్టింది. సర్వర్ లేదన్నారు, సర్వర్ వచ్చాక సారు లేడన్నారు, సారొచ్చాక బాబాయి వేలిముద్ర పడలేదు. బొటనవేలికి కొబ్బరినూనె రాసి, లుంగీ అంచుతో తుడిచి, ఏడుసార్లు నొక్కించారు. అడంగల్‌లో చివరికి పేరొచ్చింది, ఒక అక్షరం తేడాతో.

అందుకే నాదొక మనవి. ఆ ముగ్గురు కార్యదర్శుల్ని ఒక్క మంగళవారం మా మండలానికి పంపండి. మధ్యాహ్నం భోజనాల వేళకు పేరు మార్పిడి (మ్యుటేషన్) ఫైళ్లన్నీ తేలిపోతాయి. దేశభద్రత వ్యవహారమైతేనే చూస్తామంటారా? పక్కగట్టు ఆసామి మూడడుగులు ఇటు జరిగాడు. సరిహద్దు చొరబాటు కాక ఇంకేంటది?

విన్నపాలు దండగని బాబాయి మాత్రం రొట్టెల పండక్కి నెల్లూరు బయల్దేరాడు. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సొంతింటి రొట్టె దొరుకుతాయి కదా, నా ఫోన్ ఎవరూ వినకుండా చేసే ఫోన్ రొట్టె దొరక్కపోతుందా అని. చిక్కల్లా ఒకటే. కోరిక తీరినవాళ్లు తెచ్చిస్తేనే మనం తీసుకోవాలి. నీ ఫోన్ విన్నామని ఎవరికీ చెప్పరు, వినలేదనీ చెప్పరు. మరి తీరిందని ఎవరికి తెలిసి తెస్తారు?

మోకాటిలోతు నీళ్లలో నిలబడి "ఫోన్ రొట్టె, ఫోన్ రొట్టె" అని బాబాయి సాయంత్రం దాకా పిలిచాడు. చివరికి ఒకావిడ జాలిపడి వీసా రొట్టె చేతిలో పెట్టింది.