రిషెల్యూను విలన్‌ను చేసింది నవల కాదు

పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్స్ రాజుకు ప్రధానమంత్రిగా ఉన్న చర్చి పెద్ద కార్డినల్ రిషెల్యూ అనగానే చాలామందికి గుర్తొచ్చేది మస్కటీర్ల సినిమాల్లోని కుట్రదారే. ఈ పాపమంతా 1844లో వచ్చిన డ్యూమా నవల ‘త్రీ మస్కటీర్స్’దే అంటారు. ఆ మాట అనేవాళ్లు నవలను చివరిదాకా చదివి ఉండరు. తన ఎత్తులన్నీ చిత్తు చేసిన కథానాయకుడు దార్తన్యాన్‌ను కార్డినల్ చివర్లో ఉరి తీయించడు, లెఫ్టినెంట్ పదవి ఇస్తాడు. ఇలాంటివాడు 1993 హాలీవుడ్ సినిమాకు పనికిరాలేదు. అందులో ఆయన ఏకంగా రాజునే చంపించాలని చూస్తాడు.

అసలు రిషెల్యూ అంటే కలిగే భయం ఆయన కోరి వేయించుకున్న బొమ్మల్లోనే ఉంది. చర్చి పెద్దలను కుర్చీలో కూర్చోబెట్టి గీయడం అప్పటి ఆనవాయితీ. చిత్రకారుడు ఫిలిప్ ద షాంపేన్ మాత్రం రిషెల్యూను రాజులా నిలబెట్టాడు. లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న నిలువెత్తు చిత్రం చూడండి. కాన్వాస్ నిండా ఎర్రటి పట్టు, మెడలో నీలి రిబ్బను, పైన ఎక్కడో చిన్న తల. మనిషి కన్నా అంగీ పెద్దది! ఆయన జబ్బులు, తలనొప్పులు ఆ పట్టు మడతల్లో ఎక్కడా కనబడవు. రోమ్‌లో శిల్పం చెక్కడానికి నమూనాగా పంపిన మరో చిత్రంలో మూడు ముఖాలుంటాయి. పక్కవాటు ముఖాలు రెండింటిలో ఒకదాని పైన ‘ఇదే బాగుంది’ అన్న అర్థంలో రాత కూడా ఉంది. ఇమేజ్ మీద ఇంత శ్రద్ధ ఉన్నచోట యాదృచ్ఛికంగా ఏదీ జరగదు. 1829లో డెలరోష్ అనే చిత్రకారుడు తన బొమ్మలో చేసిందల్లా ఆ ఎర్ర అంగీలోకి రోగిని తిరిగి తేవడమే. రోన్ నదిలో పడవ మీద జబ్బుతో పడుకున్న ముసలాయన, వెనక కట్టిన పడవలో తల నరికించడానికి లియోన్ తీసుకెళ్తున్న కుట్రదారులు సాంక్-మార్, ద తూ.

నిజంగానే క్రూరుడు కదా, విలన్‌గా చూపిస్తే తప్పేముంది అనొచ్చు. ప్రొటెస్టెంట్ల కోట నగరం లా రొషెల్‌ను ముట్టడించి ఆకలితో లొంగదీసిన మాట నిజమే. అయితే ఆ కాలంలో కోటలను ఆకలితో మాడ్చని సేనాని ఎవరో చెప్పండి.

నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది కలం సంగతి. ‘కత్తి కన్నా కలం గొప్పది’ అని మన జర్నలిస్టు సభల్లో ఛాతీ విరుచుకుని చెబుతుంటారు. 1839లో బుల్వర్ లిట్టన్ నాటకంలో ఆ డైలాగ్ చెప్పింది ఎవరనుకున్నారు? రిషెల్యూనే. పాత ఖడ్గం ఎత్తబోయి చేతకాక అన్న మాట అది. పైగా దానికి ముందు ఒక షరతు ఉంది: పాలకులు నిజంగా గొప్పవాళ్లయినప్పుడు మాత్రమేనట. మనవాళ్లు షరతు వదిలేసి నినాదం ఉంచుకున్నారు. 1631లో రెనొదో మొదలుపెట్టిన ‘గజెత్’ పత్రికను ఈయనే తన అండలో పెట్టుకున్నాడు. 1635లో ఫ్రెంచి భాషా వ్యవహారాలు చూసే ఫ్రెంచి అకాడమీకి అధికార ముద్ర వేయించిందీ ఈయనే. చిత్రకారుడు, పత్రిక, అకాడమీ అన్నీ చేతిలో ఉన్నవాడికి కలం గొప్పదిగానే కనిపిస్తుంది మరి.