మంచిగున్న సైకిల్‌ని ఇప్పకుర్రి అన్నా

నిన్న మలక్‌పేట్ దిక్కు ఒకాయన ఇంటికి పోయిన. పాత సైకిళ్లు జమ చేస్తడు, అమ్ముతడు కూడా. నా పాత ర్యాలీ కంపెనీ సైకిల్‌కి ముందు లైట్ బ్రాకెట్ లేదు, అదొక్కటి దొరికితే చాలనుకొని పోయిన. డాబా మీద రేకుల షెడ్డు, లోపట గోడకు ఆనిచ్చి ఒక హంబర్ కంపెనీ పాత ఇంగ్లాండ్ సైకిల్ ఉంది. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు చూడంగనే తెలిసిపోయింది, ఒక్కో పక్క రెండేసి సన్న గొట్టాలు, హంబర్ అంటేనే ఆ ఫోర్కు. బెల్లు, చైన్ కవరు, రాడ్ బ్రేకులు, స్టాండు, మున్సిపాలిటీ బిళ్ళ కట్టే తీగ సుత ఉంది. సీటు మాత్రం లేదు. సీటేదన్నా అని అడిగితే "అది బ్రూక్స్ తమ్మీ, బెంగళూరాయన తీసుకున్నడు, ఫోర్కు ఇంకొకాయన అడుగుతున్నడు, నీకు బ్రాకెట్ కావాల్నా, ఇప్పుడే దీనికెల్లి ఇప్పి ఇస్త" అని స్పానర్ చేతిల పట్టుకున్నడు.

వద్దన్నా అని చెప్పి వచ్చేసిన. రాత్రి నిద్ర పట్టలే, అందుకే ఇది రాస్తున్న.

ఆ సైకిల్ ఎక్కడిదో ఆయనే చెప్పిండు. ముషీరాబాద్‌ల ఒక ఇంట్లది, రైల్వేల పనిచేసిన తాత తొక్కిండంట, తాత పోయినంక ఇంట్లోళ్లు జాగ లేదని 800 రూపాయలకి ఇచ్చేసిన్రు. పాత ఇనుప సామాన్ల ధర అది. సీటు ఒక్కటే 6 వేలకి పోయింది. లాభం చూసుకోవద్దని నేను అంటలేను, షెడ్డు కిరాయి, తిరుగుడు, పెట్రోలు అన్నీ ఉంటయ్. కని ఆ బ్రూక్స్ కంపెనీ తోలు సీటు ఎట్లాంటిదో తెలుసు కదా, తొక్కంగ తొక్కంగ తొక్కెటోని ఒళ్లుకు తగ్గట్టు గుంట పడుతది, ముందర ముక్కు కింద నట్టు తిప్పుకుంట బిగిచ్చుకోవాలె, వానకు తడిస్తే ఎండేదాక కూసోవద్దు, గంత జాగ్రత్తగ ఆ తాత ఇన్నేండ్లు కాపాడుకున్న సీటు ఇయ్యాల బెంగళూరుల ఎవరి సైకిల్ మీదనో ఉంది, సైకిలేమో ఇక్కడ మలక్‌పేట్‌ల బోడిగ నిలబడ్డది.

దీంట్ల నాకు సొంత దెబ్బ కూడా ఉంది. రెండేండ్ల కింద పాత సైకిళ్లు జమ చేసే ఇంకొకాయన దగ్గర ఈ ర్యాలీ కొన్న, 18 వేలు. "ఫుల్ ఇంగ్లాండ్, ఇండిపెండెన్స్ ముందుది, ఒక్క నట్టు కూడా మార్చలే" అన్నడు. ఓరాయిలింగ్‌కని గౌలిగూడల ఒక పాత మిస్త్రీ చాచా దగ్గరికి తీస్కపోయిన. చాచా వెనక చక్రం నడిమిట్ల ఉండే హబ్ మీద గ్రీజు తుడిచి నాకు చూపిచ్చిండు, స్టర్మీ ఆర్చర్ మూడు గేర్ల హబ్, దాని మీద AW అని మోడల్ పేరు, పక్కన 56 అని కొట్టి ఉంది. అంటే 1956. ఆ కంపెనీ హబ్ మీద సాలు కొడతరని అమ్మినాయనకు తెల్వదా? హబ్ తర్వాత మార్చిండ్రనుకుందాం, మరి "ఒక్క నట్టు మార్చలే" అన్న మాటేంది?

అంతకంటె పెద్దది కింద బీబీ కప్పుల దగ్గర, అంటే పెడళ్ల ఇరుసు తిరిగే బాల్స్‌ను పట్టుకోనీకి ఫ్రేమ్‌కు బిగిచ్చే కప్పుల దగ్గర బయటపడ్డది. ఇంగ్లాండ్ నాటింగ్‌హామ్‌ల చేసిన ర్యాలీకి థ్రెడ్ అంగుళానికి 26 చుట్లు, మామూలు ఇంగ్లీష్ లెక్క 24. ఎవరో ఒరిజినల్ కప్పు అమ్ముకొని 24 దాన్ని బలవంతంగ తిప్పి ఎక్కిచ్చిన్రు, ఫ్రేమ్ లోపట థ్రెడ్ సగం కొట్టుకపోయింది. చాచా చాలాసేపు చూసి "బేటా, ఫ్రేమ్‌కు నొప్పి పెట్టిన్రు" అన్నడు. గీ ముచ్చటకే నాకు ఇప్పుడు కోపం. ఈ సైకిళ్ల పార్టులు ఏదంటే అది పట్టయ్. హంబర్ పేరు కూడా 1932ల ర్యాలీ కొనేసింది కాబట్టి దాని తర్వాతి హంబర్లకు కూడా ఇదే గోల. ఒక్క సైకిల్ ఇప్పితే రెండు పాడైతయ్, ఇప్పింది ఒకటి, దాని పార్టు సరిపోక సుత్తెతోని కొట్టిచ్చుకున్నది ఇంకొకటి. పెడల్ కడ్డీని ఇరుసుకు బిగిచ్చే మేకులు, క్రాంక్ కాటర్లు చూడుర్రి, కింద పైపు ఆన్చకుండ సుత్తెతోని కొడితే దెబ్బ బాల్స్ నడిచే జాగ మీద పడుతది, అమ్మెటోళ్ల తొందరల అదెవరు చూస్తరు.

మరి పార్టులు ఎక్కడ దొరకాలె అని అడుగుతరు. ఫ్రేమ్ పగిలిన సైకిల్, ఫోర్కు వంగిన సైకిల్, తుప్పుకు గొట్టం చిల్లు పడ్డది, అది ఇప్పుర్రి, నేనే కొంట. ఎర్రగడ్డ ఆదివారం మార్కెట్ల చాపల మీద పెడల్, డైనమో దొరికితే సంతోషంగ కొంట. రిమ్ములకైతే పెద్ద కష్టం లేదు, ముందు 32 పుల్లలు వెనక 40 అన్న లెక్క మన 28 ఇంచుల సైకిళ్లకు కూడా ఉంది. మన దేశంలనే, బెంగాల్ ఆసన్‌సోల్‌ల చేసిన సేన్ ర్యాలీని ఆసన్‌సోల్‌దే అని చెప్పి అమ్ముర్రి, గట్టి సైకిలది, దానికి నాటింగ్‌హామ్ బ్యాడ్జి కొట్టుడెందుకు?

మంచోళ్లు లేరా, ఉన్నరు. తార్నాకల ఒక రిటైర్డ్ సార్ దగ్గర హెర్క్యులస్ చూడనీకి పోతే ముందుగాల ఏమేం మారిందో ఆయనే కాయితం మీద రాసిచ్చిండు, పెడల్స్ కొత్తయి, వెనక మడ్‌గార్డు వేరే సైకిల్‌ది అని. "ఒక రౌండు తొక్కి రా బాబూ, తర్వాత ధర మాట్లాడుకుందాం" అన్నడు. నాకు ధర కుదరలే, కొనలే, అయినా చాయ్ తాగిచ్చి పంపిండు.

పొద్దుగాల మలక్‌పేట్ అన్నకు ఫోన్ చేసిన. బ్రాకెట్ వద్దు, హంబర్ మొత్తం నేనే కొంట, సీటు లేకున్నా కొంట, ఫోర్కు మాత్రం ఎవరికీ ఇయ్యకని బతిమాలిన. ఆదివారం దాక ఆగుతనన్నడు. ఆ సీటు కొన్న బెంగళూరాయన ఇది చదివితే, అన్నా, మీరు పెట్టిన పైసలు మీకిస్త, జర మెసేజ్ పెట్టుర్రి.