సవరణ: సిగార్లను ఫ్రిజ్‌లో పెట్టకండి

ఎండాకాలంలో సిగార్లను ఫ్రిజ్‌లో దాచుకోవచ్చని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు, క్షమించండి. ఫ్రిజ్ తేమను లాగేస్తుంది. పైన చుట్టిన ఆకు ఎండి పగులుతుంది, పక్కనున్న ఉల్లిగడ్డ వాసన కూడా పడుతుంది. వాటికి 65 నుంచి 70 శాతం తేమ, 18 నుంచి 21 డిగ్రీల చల్లదనం కావాలి. మే నెలలో మన నల్లగొండ ఇళ్లలో అంత చల్లదనం ఎక్కడిది? వేడి పెరిగితే ఆకులోని గుడ్లు పగిలి పొగాకు పురుగు బయటికొస్తుంది. అందుకే గాలి చొరబడని డబ్బాలో తేమ ప్యాకెట్ (లోపలి తేమను నిలకడగా ఉంచేది) వేసి, ఇంట్లో అన్నిటికన్నా చల్లని గదిలో పెట్టండి. ఎండలు తగ్గేదాకా తక్కువే కొనండి.

ఇప్పటికే ఎండిపోయినవాటిని నీళ్లు చల్లి తడపకండి, ఆకు ఉబ్బి చీలుతుంది. అదే డబ్బాలో కొన్ని వారాలు ఉంచితే మెల్లగా మెత్తబడతాయి.

తేమ కోసం డబ్బాలో పెట్టే స్పాంజికి నల్లా నీళ్లు చాలని కూడా ఆ పోస్టులో అన్నాను, అదీ సరికాదు. మన బోరు నీళ్లలోని లవణాలతో స్పాంజి పూడుకుపోతుంది. డిస్టిల్డ్ వాటరే వాడండి.