ఖాతా పుస్తకానికి ఒక బాకీదారు లేఖ

ఎర్రగుడ్డ అట్ట ఖాతా పుస్తకమా,

క్షేమమా అని అడగడానికే నోరు రావడం లేదు. ‘వ్యాపారం ఎలా ఉంది?’ అని ఈ బరంపురంలో పట్టుచీరల వాళ్ళను అడుగుతారు, అప్పడాల వాళ్ళను అడుగుతారు. పాడె సామాను అమ్మేవాణ్ణి ఎవరు అడుగుతారు? బాగుందంటే తిట్టుకుంటారు, బాగాలేదంటే అనుమానంగా చూస్తారు. ఉగాదికి నీకు పసుపు పూసి పూజ చేయిస్తే, ‘వ్యాపారాభివృద్ధిరస్తు’ అన్న ముక్కను పంతులుగారు ఏటా గొంతులోనే మింగేస్తారు. దక్షిణ మాత్రం పైకే అడుగుతారు.

తాత నిన్ను తెరిచేనాటికి మనది మద్రాసు ప్రెసిడెన్సీ. 1936 ఏప్రిల్ 1న మన గంజాం జిల్లా కొత్త ఒరిస్సాలోకి వెళ్ళింది. 1957లో మళ్ళీ అదే ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. రాష్ట్రం మారినా, నాణెం మారినా, నీలో ‘బాకీ’ అన్న మాట మారలేదు. ‘గోవిందా’ అనిపించుకుని వెళ్ళినవాళ్ళూ, ‘రామ నామ సత్య హే’ అనిపించుకుని వెళ్ళినవాళ్ళూ ఒకే పేజీలో సర్దుకున్నారు. తాత తెలుగులో రాశాడు, నాన్న సగం ఒడియాలో రాశాడు. నా రాత ఏ భాషో నువ్వే చెప్పాలి.

అసలు నీ ఘనతంతా వసూలు పద్ధతిలో ఉంది. బొంగులు, కొబ్బరి తాడు, కుండ, తెల్లగుడ్డ, పేలాలు ఏడుస్తూ తీసుకెళ్తారు. ‘పదకొండో రోజున ఇస్తాం’ అంటారు. పన్నెండో రోజు నుంచి వీధి మార్చి నడుస్తారు. మనం వాళ్ళ గుమ్మం తొక్కితే అపశకునం. ఇక మిగిలింది, ఆ ఇంట్లో మరొకరు పోయేదాకా ఆగడమే. అప్పుడు పాతదీ కొత్తదీ కలిపి కట్టాల్సిందే. ఇంత ఓపిక ఏ బ్యాంకుకుంది?

మొన్న ఒకాయన తండ్రిని వాకిట్లో పడుకోబెట్టి వచ్చి, ఇరవై రూపాయల దగ్గర అరగంట బేరమాడాడు. తాడు చుట్ట విప్పి మూరలు కొలిచాడు. ‘మా నాన్న బక్కపలచని మనిషి, ఇంత తాడెందుకండీ?’ అన్నాడు.

2013లో ప్రభుత్వం పేదల దహనానికి హరిశ్చంద్ర సహాయత యోజన పెట్టింది. అప్పట్లో పల్లెలో 2,000, పట్టణంలో 3,000 రూపాయలు. మంచిదే. కట్టుకున్న భార్యనే కాటిసుంకం అడిగినవాడి పేరు మీద డబ్బు ఇవ్వడం ఎవరికి తట్టిందో గాని, నాకు తెగ నచ్చింది.

నాలుగో తరం నిన్ను ముట్టుకోదు. మా అబ్బాయి పెళ్ళిచూపుల్లో ‘వెదురు వ్యాపారం’ అని చెప్పమన్నాడు. చెప్పాను. అబద్ధం కాదు కదా.

నాన్న పోయిన రోజున సామాను ఊరికే తీయబోయాను. అమ్మ ఏడుపు ఆపి, ‘రాసి తియ్యి’ అంది. రాశాను: బొంగులు రెండు, తాడు ఒక చుట్ట, కుండ ఒకటి. తీసుకున్నవారి గడిలో నా పేరు, ఎదురుగా ‘బాకీ’. ఇంకా తీర్చలేదు. వసూలు పద్ధతి నీకు తెలిసిందే.

ఇట్లు,
మూడో తరం