నొప్పి అత్యవసరం కాదట!

ఒంగోలులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నొప్పి వైద్య విభాగం తలుపుకు గత శనివారం ఒక కాగితం అంటించారు. మాజీ సైనికుల ఆరోగ్య పథకం కింద వచ్చే రెఫరల్స్‌ను ఈ విభాగంలో ‘తదుపరి ఉత్తర్వుల వరకు’ చూడరని దాని సారాంశం. గిద్దలూరు, కొమరోలు, బేస్తవారిపేట నుంచి తెల్లవారకముందే బయల్దేరి వచ్చినవాళ్లు అది చదువుకుని మళ్లీ బస్టాండ్ దారి పట్టారు. వాళ్లలో ఒకరికి మోకాలి కింద కాలు లేదు. ఎందుకు ఆపారని అడిగితే యాజమాన్యం ఒక్క ముక్కలో చెప్పేసింది. లోపలి నోట్‌లోనూ అదే ముక్క ఉంది, మేము చూశాం. నొప్పి చికిత్స అత్యవసరం కాదు.

బకాయిల గొడవ పాఠకులకు కొత్త కాదు. వైద్యం చేసిన నెలల తర్వాత గానీ బిల్లు డబ్బు రాదని ఆసుపత్రులు అంటున్నాయి. అందులో నిజం లేకపోలేదు, అరువు మీద ఎవరూ ఆసుపత్రి నడపలేరు. సరే. మరి అదే ఆసుపత్రి, అదే పథకం కింద, అదే బకాయిలు పెట్టుకుని గుండెకు స్టెంట్లు వేస్తోంది, మోకీళ్లు మారుస్తోంది. అప్పు అన్నిటి మీదా ఉన్నప్పుడు కత్తెర నొప్పి మీదే ఎందుకు పడింది? స్టెంటుకు ప్యాకేజీ, అంటే ఇంతని కట్టిన రేటు ఉంది. రోగి ఎదురుగా కూర్చుని ముప్పావు గంట వినడానికి ప్యాకేజీ లేదు. అసలు లెక్క ఇది. ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గేసి ‘అత్యవసరం కాదు’ అని రాశారు.

నొప్పి డాక్టరంటే ఏం చేస్తారో మన ఊళ్లలో చాలామందికి ఇంకా తెలియదు కాబట్టి కాస్త చెప్పాలి. మత్తు డాక్టరుగా చదివి, ఆపైన నొప్పి వైద్యంలో శిక్షణ తీసుకుని వచ్చి ఈ విభాగాన్ని నడిపిన వైద్యురాలు మూడేళ్లుగా శనివారాలు మిలట్రీ వాళ్లకే కేటాయించారు. మొదటిసారి వచ్చిన మనిషికి ముప్పావు గంట తక్కువ కాకుండా ఇచ్చేవారు. ఎందుకంటే సైనికుడు నొప్పి చెప్పడు. ఎలా ఉందంటే ‘ఠీక్ హై మేడమ్’ అంటాడు. సున్నా నుంచి పదిలో అంకె చెప్పమంటే ఎనిమిది ఉన్నచోట మూడంటాడు. పదిహేడేళ్లో ఇరవై ఏళ్లో పళ్లు బిగబట్టి ఓర్చుకోవడమే ఉద్యోగంగా చేసిన మనిషి మరి. సంగతి బయటపెట్టేది పక్కన కూర్చున్న భార్య. ‘ఈయన రాత్రిళ్లు నిద్రపోడమ్మా, వరండాలో అటూ ఇటూ తిరుగుతానే ఉంటాడు, మనవడు ఒళ్లోకొస్తే కసురుకుంటాడు, రెండు పెగ్గులు పడితే గానీ కన్ను మూయడు.’ వైద్యం అక్కడ మొదలవుతుంది.

నరం దెబ్బతిని వచ్చే మంటకు మామూలు నొప్పి బిళ్ల పనిచేయదు. అమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్ లాంటివి చిన్న మోతాదుతో మొదలుపెట్టి, మనిషిని మళ్లీ మళ్లీ చూసుకుంటూ వారాల మీద పెంచాలి. వెన్నులో నరం నొక్కుకుపోతే సీ-ఆర్మ్ ఎక్స్‌రేలో చూస్తూ సరిగ్గా ఆ చోటికే సూది దించాలి. ఇంకొందరికి నొప్పి అసలు లేని కాలిలో ఉంటుంది. కాలు తీసేసి పాతికేళ్లయినా ఆ పాదం మండుతోందని, వేళ్లు మెలిపెట్టుకుపోతున్నాయని అంటారు. ఇంట్లో వాళ్లు పిచ్చి అనుకుంటారు. అది పిచ్చి కాదని వైద్యానికి ఎప్పుడో తెలుసు. అమెరికా అంతర్యుద్ధంలో గాయపడ్డవాళ్లను చూసిన సిలాస్ వియర్ మిచెల్ అనే డాక్టరు 1871లోనే దానికి పేరు పెట్టి రాశాడు. మంచి కాలిని అద్దంలో చూపించి, పోయిన కాలు కదులుతున్నట్టు మెదడును నమ్మించే చికిత్సను 1990లలో తెచ్చినవాడు తమిళనాడులో పుట్టిన వి.ఎస్. రామచంద్రన్. ఒంగోలు క్లినిక్‌లో ఆ పనికి వాడింది బీరువాకు బిగించే మామూలు నిలువుటద్దం. దానికి ఎంత ఖర్చయిందో యాజమాన్యమే చెప్పాలి.

మిలట్రీ ఊరంటే అందరి నోటా తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం పేరే వస్తుంది. గిద్దలూరు వైపు పల్లెల్లో తిరిగితే గోడల మీద యూనిఫాం ఫొటోలు అంతకు తక్కువేమీ కనిపించవు. వానలు నమ్ముకోలేని నేల, పదో తరగతి కాగానే సెలక్షన్స్‌కు పరుగు తీసే పిల్లలు. ఆ శనివారం క్లినిక్‌కు వచ్చినవాళ్లలో సియాచిన్ ఎక్కి దిగినవాళ్లున్నారు, 1987-90 మధ్య శాంతి సేనలో శ్రీలంక వెళ్లొచ్చినవాళ్లున్నారు, 1999 కార్గిల్ వాళ్లున్నారు, 2001-02లో సరిహద్దు పొడవునా మందుపాతరలు పాతిన ఆపరేషన్ పరాక్రమ్ వాళ్లున్నారు. గుండు తగిలినవాళ్లు వీళ్లలో కొద్దిమందే. మిగతావి పిట్టూ (వీపు మూట) మోసి అరిగిన నడుములు, కొండ రోడ్ల మీద లారీలు తోలి కూరుకుపోయిన వెన్నుపూసలు. పతకాలకు అందని దెబ్బలివి. గిద్దలూరు, కంభం, మార్కాపురం గుంటూరు-నంద్యాల రైలు మార్గంలో ఉన్నాయి, ఒంగోలుకు రావాలంటే బస్సే గతి. నడుం నొప్పి చూపించుకోవడానికి నడుం విరిగే ప్రయాణం.

ఇంతదూరం ఎందుకు, ఊళ్లోనే సూది వేయించుకోవచ్చు కదా అనేవాళ్లున్నారు. వేయించుకుంటున్నారు కూడా. ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది, మెడికల్ షాపులో చీటీ లేని బిళ్లలు. ఆ మందులు నెలల తరబడి పడితే దెబ్బతినేది కిడ్నీ. ఇది ఏ నేల మీద చెబుతున్నామో గుర్తుంచుకోవాలి. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎముకలను కొరికేసే నేల ఇది. షార్ట్ అనే వైద్య పరిశోధకుడు, అతని సహచరులు 1937లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ‘నెల్లూరు జిల్లా’ ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ జబ్బు) గురించి రాశారు. పొదిలి, దర్శి, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లాలోవే, 1970లో ఒంగోలు జిల్లా (తర్వాత ప్రకాశం) ఏర్పడ్డాక ఇటు వచ్చాయి. జిల్లా మారింది గానీ కీళ్లు మారలేదు. కనిగిరి, పీసీపల్లి వైపు కిడ్నీ జబ్బుల కథ వేరే చెప్పనక్కర్లేదు.   సైన్యంలో అరగదీసుకున్న నడుముతో ఇంటికొచ్చి, ఈ నీళ్లు తాగి, ఆ సూదులు వేయించుకునే మనిషికి నొప్పి డాక్టరు దగ్గర దొరికే ఒక్క చీటీ కిడ్నీ కాపాడే చీటీ కూడా.

మా భయమంతా నోట్‌లోని ఆ ఒక్క ముక్క మీదే. మూతపడింది ఒక క్లినిక్కే కావచ్చు, రేపో మాపో బకాయిలు వస్తే తెరుచుకోనూవచ్చు. కానీ ‘అత్యవసరం కాదు’ అన్న మాట ఫైల్లో కూర్చుంటుంది. ఈసారి డబ్బు ఆలస్యమైతే ఆ ఫైలే తీస్తారు. పక్క ఆసుపత్రి అదే చూసి నకలు కొడుతుంది. ఇవాళ నడుం నొప్పి అత్యవసరం కాకపోతే రేపు ఫిరంగుల దగ్గర చెవులు పోగొట్టుకున్నవాళ్ల వినికిడి మిషన్ ఎందుకు అత్యవసరం? కంట్లో శుక్లం ఎందుకు అత్యవసరం? క్యాన్సర్ చివరి దశలో ఉన్న మనిషికి ప్రాణం నిలిపే మందేమీ లేదు, ఉన్నదల్లా నొప్పి. ఆ నొప్పీ అత్యవసరం కాదా? ఫ్లోరోసిస్‌తో వంగిపోయిన వెన్నును నిటారుగా చేసే వైద్యం లేదు, చేయగలిగింది బాధ తగ్గించడమే. ఆ ముక్క ఒక్కసారి చెల్లుబాటైతే పశ్చిమ మండలాల్లో సగం జబ్బులు జాబితాలోంచి మాయమవుతాయి. మూడు నెలలు దాటి వేధించే నొప్పికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన జబ్బుల జాబితాలో విడిగా స్థానం ఇచ్చింది. మన దగ్గర ఒక అకౌంట్స్ నోటు దాన్ని కొట్టేసింది.

ఇంకో వాదన కూడా వినిపిస్తోంది. నొప్పి డాక్టరు ఇచ్చేవి మత్తు మందులు, అలవాటవుతాయి, అమెరికాలో ఏమైందో చూడలేదా అంటున్నారు. చూశాం. అక్కడి మాజీ సైనికుల వైద్య విభాగం 1999లో నాడి, బీపీలతోపాటు నొప్పినీ ప్రతి రోగి దగ్గరా రాసుకోవాలంది. ఆ తర్వాతి ఏళ్లలో ఓపియాయిడ్ (నల్లమందు జాతి నొప్పి మందు) మాత్రలు దేశమంతా విచ్చలవిడిగా రాశారు, మనుషులు చచ్చారు. 2013లో కళ్లు తెరిచి తగ్గించడం మొదలుపెట్టారు. కొన్నిచోట్ల ఒక్కసారిగా ఆపేసి రోగులను గాలికొదిలేస్తే అదీ ప్రాణాల మీదికి వస్తోందని అక్కడి మందుల నియంత్రణ సంస్థే 2019లో హెచ్చరించింది. ఆ మందు ఇవ్వడమూ ఆపడమూ రెండూ తెలిసిన డాక్టరు ఉండాలన్నది ఆ కథంతా చదివితే ఎవరికైనా అర్థమవుతుంది. ఇక్కడ ఆ డాక్టరునే దూరం చేశారు! పైగా మన రోగం వేరు. నీమచ్‌లో, ఘాజీపూర్‌లో సర్కారు నల్లమందు ఫ్యాక్టరీలున్న దేశం మనది. 1985 మత్తు పదార్థాల చట్టం తెచ్చిన భయంతో ఆసుపత్రులు ఆ నల్లమందు నుంచే తీసే మార్ఫిన్ పేరెత్తడమే మానేశాయి. 2014లో చట్టం సవరించి దారి సుగమం చేసినా ఆ భయం పోలేదు. మార్ఫిన్ ఎక్కువై చచ్చేంత భాగ్యం ప్రకాశం జిల్లా రోగికి ఇంకా పట్టలేదు.

పెన్షన్ కోసం నటిస్తారనే మాట కూడా ఒకరిద్దరు పెద్దమనుషులు మా దగ్గర అన్నారు. దానికి జవాబు రాయం.

ఇది దానం కాదని కూడా చెప్పాలి. 2003 ఏప్రిల్ 1న మొదలైన ఈసీహెచ్‌ఎస్ (ఎక్స్ సర్వీస్‌మెన్ కంట్రిబ్యూటరీ హెల్త్ స్కీమ్) అనే ఈ పథకం పేరులోనే చందా ఉంది. వీళ్లలో చాలామంది డబ్బు కట్టే కార్డు తీసుకున్నారు. కట్టించుకునేటప్పుడు ఏ నొప్పి అత్యవసరం, ఏది కాదు అని ఎవరూ చెప్పలేదు. రిటైరైన కేంద్ర ఉద్యోగి వైద్య ఖర్చుల మీద 2018లో శివకాంత్ ఝా కేసులో సుప్రీంకోర్టు తేల్చిందేమిటి? ఏ చికిత్స కావాలో నిర్ణయించేది వైద్యుడేనని. ఒంగోలులో ఆ నిర్ణయం బిల్లింగ్ కౌంటర్‌కు మారింది. రెఫరల్ ఇచ్చే పాలీక్లినిక్ అధికారులు వారమైనా నోరు విప్పకపోవడం మమ్మల్ని ఇంకా మండిస్తోంది. తామిచ్చిన రెఫరల్ చీటీని వెనక్కి కొడుతుంటే వాళ్లకే పట్టకపోతే ఇంకెవరికి పడుతుంది?

బకాయి ఎంతో ఢిల్లీ, ఆసుపత్రి కూర్చుని తేల్చుకోవచ్చు, నెల పట్టినా పట్టనివ్వండి. ముందు ఆ నోట్‌లోని వాక్యం కొట్టేయాలి, కొట్టేసినట్టు రాతపూర్వకంగా చెప్పాలి. వచ్చే శనివారం ఆ గది తలుపు తీయాలి. డబ్బు లేక ఆపామంటే అది అప్పు తగాదా, నొప్పి లెక్కలోది కాదని ఆపామంటే తప్పుడు వైద్యం. ఈ రెంటికీ తేడా తెలియని యాజమాన్యం బోర్డు మీద ‘మల్టీ స్పెషాలిటీ’ అని రాసుకోవడమెందుకు?

ఈ నెల 26న కార్గిల్ విజయ్ దివస్. ఇదే ఆసుపత్రి ఆవరణలో షామియానా వేసి మాజీ సైనికులకు శాలువాలు కప్పుతారట. ఆహ్వాన పత్రం మాకూ వచ్చింది. వీరులందరినీ ముందు వరుసలో కూర్చోబెడతామని అందులో రాశారు. ఆ ప్లాస్టిక్ కుర్చీల్లో, ముఖ్య అతిథి ప్రసంగం అయ్యేదాకా, గంటసేపు కూర్చోగలిగే నడుము వాళ్లలో ఎందరికుందో ముందే కనుక్కుంటే మంచిది. చెప్పగలిగిన డాక్టరు గదికి మీరే తాళం వేశారు.