నెక్స్ట్ నొక్కు, పాయింట్లు పట్టు

ఈ కాలంలో అందరికన్నా గొప్ప గురువెవరంటే నేను తడుముకోకుండా చెప్తా, అమెరికా ఫెడరల్ ప్రభుత్వం తన ఉద్యోగులకిచ్చే ఆన్‌లైన్ ట్రైనింగ్ స్క్రీన్‌లో కింద కుడిపక్కన ఉండే నెక్స్ట్ బటన్. ద్రోణుడు కూడా దీనిముందు దిగదుడుపే, ఆయన బొటనవేలు అడిగాడు, ఇది చూపుడువేలుతో సరిపెట్టుకుంటుంది.

నార్తర్న్ వర్జీనియాలో ఉండే మనవాళ్లకి ఇదంతా తెలిసిందే. గ్రీన్‌కార్డ్ చేతికి రాగానే పనిలేక బెంచ్ మీద కూర్చునే భయం ఉండదని ఫెడరల్ ఐటీ ప్రాజెక్టుల్లోకి దూరిన బ్యాచ్‌లో నేనూ ఒకణ్ని, ప్రభుత్వంతో నేరుగా ఒప్పందం ఉన్న ప్రైమ్ కంపెనీ కింద సబ్‌కాంట్రాక్టర్, ఆ సబ్ కింద ఇంకో సబ్, అందరికీ కింద నేను. ప్రభుత్వం తరఫున ఒప్పందం మీద సంతకం పెట్టే అధికారం కాంట్రాక్టింగ్ ఆఫీసర్‌ది. మేం పని నిజంగా చేశామా, బిల్లు న్యాయంగా ఉందా అని దగ్గరుండి చూడాల్సింది మాత్రం కోర్ (COR, అంటే ఆ ఆఫీసర్ ప్రతినిధి) అనే ఇంకో ప్రభుత్వోద్యోగి. లెవెల్ 2 కోర్‌కి 40 గంటల ట్రైనింగ్, ఆ సర్టిఫికెట్ బతికుండాలంటే రెండేళ్లకోసారి 40 ట్రైనింగ్ పాయింట్లు. పాయింట్లు ఎలా వస్తాయి? నెక్స్ట్ నొక్కితే వస్తాయి. చివర్లో క్విజ్ ఉంటుంది గానీ భయపడక్కర్లేదు, నాలుగు ఆప్షన్లలో పొడుగ్గా ఉన్నదే కరెక్ట్.

ఆ ట్రైనింగ్ ఎంత బాగా వంటబడుతుందో మొన్న ఉగాదికి కళ్లారా చూశా. మా ఆవిడ చేసిన బొబ్బట్లు ఆఫీసుకి పట్టుకెళ్తే మా కొత్త కోర్ ప్లేటు దాకా వచ్చి ఠక్కున ఆగిపోయాడు. కాంట్రాక్టర్ దగ్గర ఒకసారికి 20 డాలర్లు, ఏడాదికి 50 డాలర్లు దాటి ఏదీ పుచ్చుకోకూడదు, అది ప్రతి కోర్సులోనూ వచ్చే స్లైడ్. ఒక్కోటి ఎంత అన్నాడు. ఇంట్లో చేసిందండీ అన్నా. అయితే మార్కెట్ వాల్యూ చూడాలి అని ఫోన్ తీసి హెర్న్‌డన్‌లో ఇండియన్ స్టోర్ రేటు వెతికాడు. పైన నెయ్యి ఉందే, అది రేటులో కలిసే ఉంటుందా విడిగానా అన్నాడు. ఉగాది పచ్చడి చూసి ఇది వేరే ఐటమా, బొబ్బట్టుతో పాటు వచ్చేదా అని అడిగి, ఆరు రుచులని ఎవరో చెప్పగానే ఇంకాస్త కంగారుపడ్డాడు. అరగంట తర్వాత, లెక్క తేలి, ఒకటిన్నర తిన్నాడు. మిగతా సగం ప్లేట్లో పెట్టి, సాక్ష్యం అన్నట్టు, నా వైపు తోశాడు. ఇలా మీటింగ్‌లో పెట్టే చిరుతిండి అసలు గిఫ్ట్ లెక్కలోకే రాదని రూల్లోనే ఉంది, ఆ స్లైడ్ దగ్గర నెక్స్ట్ కాస్త తొందరగా నొక్కేసినట్టున్నాడు పాపం.

అదే మధ్యాహ్నం మా నెలవారీ ఇన్వాయిస్ ఆయన ముందుకొచ్చింది. అందులో 'సీనియర్ ఆర్కిటెక్ట్' రేటుకి బిల్లవుతున్న కుర్రాడు డిగ్రీ పూర్తిచేసి రెండేళ్లు, నన్ను రోజూ అడిగే ప్రశ్న ఒక్కటే, "అన్నా, ఆ ఫోల్డర్ ఎక్కడుందన్నా?" ఇన్వాయిస్ 40 సెకన్లలో ఓకే అయిపోయింది. బొబ్బట్టుకి అరగంట!

ఆయన్ని అని లాభం లేదు, మంచివాడే, ఏది నేర్పితే అది నేర్చుకున్నాడు. ఈ వ్యవహారానికంతటికీ మూలగ్రంథం ఫెడరల్ అక్విజిషన్ రెగ్యులేషన్, అంటే ప్రభుత్వ కొనుగోళ్ల రూల్ బుక్, 53 భాగాలు, 2025 దాకా దగ్గర దగ్గర 2 వేల పేజీలు, అమల్లోకి వచ్చింది 1984 ఏప్రిల్ 1న (జోక్ నాది కాదు, వాళ్లదే). ఏటా 700 బిలియన్ డాలర్లు పైబడి కొనుగోళ్లు జరిగే ఇంట్లో ఈ గ్రంథం చదివి అర్థం చెప్పగలిగేవాళ్లు కావాలని 1990లో రక్షణశాఖ కోసం చట్టం చేశారు, వర్జీనియాలోనే ఫోర్ట్ బెల్వార్ అనే సైనిక స్థావరంలో ఏకంగా యూనివర్సిటీ పెట్టారు. అదే దశాబ్దంలో ఆ పని చేసేవాళ్లని దాదాపు సగానికి కోసేశారు. మింగ మెతుకు లేదు, మీసాలకి సంపెంగ నూనె.

కోస్తే ఏమవుతుంది అంటారా, 46 డాలర్ల పిన్నుని 4,361 డాలర్లకి కొంటారు. రక్షణశాఖలో తప్పులు పట్టే ఇన్‌స్పెక్టర్ జనరల్ 2019లో తేల్చిన లెక్క ఇది. సీ-17 అనే సైనిక రవాణా విమానం బాత్రూంలో సబ్బు డిస్పెన్సర్‌కి బయటి ధరకి 80 రెట్లు పైనే కట్టారని 2024లో మళ్లీ ఆయన ఆఫీసే చెప్పింది. రెండూ డబ్బు వెళ్లిపోయాక తెలిసినవే.

మాకు ఇదివరకు ఒక కాంట్రాక్టింగ్ ఆఫీసర్ ఉండేది, పెద్దావిడ. పెన్సిల్ పట్టుకుని టైమ్‌షీట్లు చదివేది. ఒకసారి ఫోన్ చేసి "ఈ వారం మీవాడు 52 గంటలు వేశాడు, సోమవారం సెలవు కదా, మా బిల్డింగ్‌కి తాళం, ఎక్కడ కూర్చుని చేశాడు?" అంది. మా ప్రైమ్ మేనేజర్‌కి రెండు రోజులు నిద్రలేదు. ఆవిడంటే మా అందరికీ హడల్. ఆవిడ పక్కన ఒక ఏడాది కూర్చుంటే ఏ కుర్రాడైనా పనిమంతుడయ్యేవాడు, వెయ్యి స్లైడ్లు అక్కర్లేదు.

2025 జనవరి 28న ఫెడరల్ ఉద్యోగుల్లో దాదాపు అందరికీ ప్రభుత్వం నుంచి మెయిల్, రాజీనామా చేస్తే సెప్టెంబర్ దాకా జీతమిస్తాం అని. ఫిబ్రవరిలో ఒక శనివారం, పోయిన వారం చేసిన ఐదు పనులు రాసి పంపమని ఇంకో మెయిల్. అదే నెలలో ఆఫీసుల కొనుగోలు కార్డుల లిమిట్ ఒక్క డాలర్‌కి దించారు, పెన్ను కావాలన్నా పర్మిషనే. పెద్దావిడ వెళ్లిపోయింది. ఆవిడలాగే సుమారు లక్షన్నర మంది. పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టండి అన్నట్టు, ఏప్రిల్లో ఆ 2 వేల పేజీల పుస్తకాన్ని సన్నం చేయమని ఆర్డర్. చేయండి, సంతోషం, కానీ అది చదివేవాళ్లని అంతకంటే ముందే సన్నం చేసేశారు కదయ్యా! పుస్తకంలో రూలు లేనిచోట మనిషి బుర్ర పెట్టాలి, ఆ బుర్రని ఇంటికి పంపి, ఎవడి మేలు కోసం? ఒక్క జీతం మిగిలిందని చంకలు గుద్దుకుంటున్నారు, ఆ జీతానికి ఎన్నో రెట్లు మా ప్రైమ్ వాళ్ల ఇన్వాయిస్‌లో ఎక్కడెక్కడ దాక్కుందో ఆవిడకి తెలుసు, నాకు తెలుసు, ఇప్పుడు అడిగే నాథుడు లేడు. దీన్ని పొదుపు అంటే నోరు ఊరుకుంటుందా?

సర్లెండి, బీపీ పెరుగుతోంది.

ఈ నెల ఇన్వాయిస్ నిన్ననే ఓకే అయింది. మా కుర్రాడికి ప్రమోషన్ కూడా వచ్చింది, ఇప్పుడు 'ప్రిన్సిపల్ ఆర్కిటెక్ట్' రేటు. ఫోల్డర్ మాత్రం ఇంకా దొరకలేదట.